ముత్తక్క ఇప్పచెట్టు, పోతయ్య కాగడా

ట్రాక్టరు వచ్చి తన ఇప్పచెట్టు మొదట్లో ఇసుక లోడంతా బోర్లించే సమయానికి ముత్తక్క చేతిలో పొరక ఉంది. అది జావీద్ అదృష్టం. ఆ పొద్దున ఆమె కట్టెలకు పోదామని ముందు గొడ్డలే తీసింది. తర్వాత మనసు మార్చుకుని, గొడ్డలి గోడకు ఆనించి, పొరక పట్టుకుని వచ్చింది.

“ఏందిరా ఇది?” అంది.

“ఇసుక అవ్వా,” అన్నాడు జావీద్. జూలూరుపాడు మేస్త్రీ. అతని తండ్రి గులాం రసూల్ కూడా మేస్త్రీయే. ఈ చుట్టుపక్కల గుంపుల్లో, అంటే గూడేల్లో, నిటారుగా నిలబడ్డ గోడ ఏదైనా ఉందంటే ఆ తండ్రీకొడుకులు కట్టిందే.

“ఇసుకని నాకు కనవడ్తలేదా? నా చెట్టు కింద ఎందుకు పోసినవని అడుగుతున్న.”

“తాత చెప్పలేదా? స్తూపం కడ్తున్నం గద. ఇరవై ఫీట్ల స్తూపం. దాని సుట్టు గద్దె. ఇటు పన్నెండు ఫీట్లు, అటు పన్నెండు ఫీట్లు. పైన టైల్సు. చెట్టు మొదలు గూడ గద్దెలనే కలిసిపోతది. సూడనీకి మస్తుంటది అవ్వా. గా ఒక్క కొమ్మనే అడ్డమొస్తది. కొట్టేస్తం.”

ముత్తక్క తలెత్తి చూసింది. జావీద్ చెప్పిన ‘గా ఒక్క కొమ్మ’ తూర్పు కొమ్మ. చెట్టు పువ్వులో సగం ఆ కొమ్మదే.

ఇప్పపువ్వు సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ పువ్వును ఎవరూ కోయరు. అదే రాలుతుంది. ఎండాకాలం మొదట్లో, తెల్లవారే వేళ, చెట్టు మీద ఒక్క ఆకు లేనప్పుడు టపటపా రాలుతుంది. పొద్దెక్కేలోపు ఏరుకోవాలి. కాబట్టి ఏరేవాళ్ళకు చెట్టు ఎంత ముఖ్యమో చెట్టు కింది నేల అంత ముఖ్యం. నేల మీద ఎండుటాకులుంటే పువ్వు కనబడదు. అందుకని పువ్వు మొదలయ్యే వారం పది రోజుల ముందు ఆడవాళ్ళు చెట్టు చుట్టూ మూరెడు వెడల్పున గీతలాగా ఊడుస్తారు. చెట్టు మొదలు చుట్టూ కూడా ఊడుస్తారు. మధ్యలో మిగిలిన ఆకులకు నిప్పు పెడతారు. ఆకు కాలుతుంది, గీత దగ్గరికి వచ్చి మంట ఆగిపోతుంది. చూసేవాళ్ళకు అగ్గిపుల్ల గీయడమే పని అనిపిస్తుంది గానీ అసలు పని అంతా పొరకదే. ఇది ఆడవాళ్ళ పని. మగవాళ్ళు ఆ ఛాయలకు రారు.

ఆ పొద్దున ముత్తక్క వచ్చింది ఆ గీత ఊడ్వడానికే.

స్తూపం ఎందుకంటే, ముత్తక్క మొగుడు పోతయ్య మామూలు మనిషి కాదు. నలభై ఏళ్ళ కిందట ఇదే వెదుళ్ళగుంపులో జంగ్లాత్ చౌకీని, అంటే అటవీశాఖ ఠాణాను, కాల్చిన వీరుడు. ఆ చెట్టు కిందే కాగడా వెలిగించి, ఒక్కడే నడిచివెళ్ళి, తుపాకుల మధ్యలోంచి చౌకీ కప్పు మీదికి విసిరాడు. కుడి అరచేతిలో ఇప్పటికీ కాగడా మచ్చ ఉంది. ఖమ్మంలో ఉండే రవీందర్ ఆయన మీద పాట కూడా కట్టాడు. రవీందర్ స్మారక కమిటీ కార్యదర్శి, భుజాన ఎర్ర కండువా తీయని మనిషి. చౌకీ కాలినప్పుడు అతను పలకా బలపం పట్టుకుని నేలకొండపల్లిలో ఒకటో తరగతి చదువుతున్నాడు.

“నలభై తుపాకులు నిలబడి చూడగ, నడిచొచ్చినాడే పోతన్న” అని ఆ పాట ఎత్తుకుంటుంది. మొదట్లో కథలో ఐదుగురు జవాన్లుండేవారు. తర్వాత పది మందయ్యారు. ఒక సభలో ఇరవై అన్నారు. పాటలో మాత్రం నలభై. “ఇరవై అంటే దరువుకు అందుతలేదక్కా,” అని రవీందరే ఒకసారి ముత్తక్కకు చెప్పాడు.

అసలు జరిగింది ముత్తక్కకు తెలుసు, పోతయ్యకు తెలుసు. మూడో మనిషికి తెలియదు.

ఆ ఏడు ముత్తక్కకు పాతికేళ్ళు. ఎనిమిది నెలల పుష్పలతను వీపున కట్టుకుని చెట్టు కిందికి వచ్చింది. పడమర ఊడ్చింది. ఉత్తరం ఊడ్చింది. దక్షిణం ఊడ్చింది. తూర్పు వైపు తిరిగేసరికి పిల్ల గుక్కపట్టింది. పాలిచ్చింది, జోకొట్టింది, మళ్ళీ వీపున కట్టుకుంది. లేచి, నాలుగు పక్కలా ఊడ్చానన్న నమ్మకంతో అగ్గిపుల్ల గీసింది. గాలేమో పడమటి గాలి. తూర్పున కేకవేస్తే వినబడేంత దూరంలో చౌకీ.

చౌకీ అంటే రెల్లుగడ్డి పాక. అందులో నలభై తుపాకులు కాదు గదా, నాలుగు చెంబులు కూడా లేవు. ఉన్న ఒక్క జవాను అంగడికి పోయాడు. లోపల ఒక నులక మంచం, ఊళ్ళోవాళ్ళ దగ్గర గుంజుకున్న గొడ్డళ్ళు మూడు, గంప కింద ఒక పుంజు. ఆ పుంజు ముత్తక్కదే. ముందురోజే జవాను మామూలు కింద పట్టుకుపోయాడు.

పొగ చూసి పోతయ్య పరిగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు ఏం చేశాడు? పచ్చికొమ్మ విరిచి మంట మీద బాదడం మొదలుపెట్టాడు. ఆర్పడానికి! జంగ్లాత్ వాళ్ళ చౌకీని, చెమటలు కక్కుకుంటూ, ప్రాణానికి తెగించి ఆర్పబోయాడు. ఇంతలో లోపల్నుంచి పుంజు అరిచింది. “అరె, మన పుంజు!” అని, మండుతున్న తడికెను కుడిచేత్తో నెట్టి లోపలికి దూకాడు. పుంజు బతికింది. చౌకీ బూడిదైంది. పోతయ్య అరచెయ్యి బొబ్బలెక్కింది.

మర్నాడు పోలీసులు వచ్చి మగవాళ్ళందరినీ వరుసలో నిలబెట్టి చేతులు చూశారు. కాలిన చెయ్యి ఒక్కటే కనబడింది. “నువ్వేనారా?” అన్నారు. పిల్లను చంకనెత్తుకుని నిలబడ్డ ముత్తక్క నోరు తెరిచింది. ఆమె నోట్లోంచి మాట రాకముందే పోతయ్య “అవ్, నేనే,” అన్నాడు.

పదకొండు రోజులు లోపల ఉంచారు. అక్కడేం జరిగిందో ఆయన ఇప్పటికీ చెప్పడు. నడిస్తే ఎడమకాలు ఈడుస్తాడు, చలికాలం ఇంకాస్త ఎక్కువ, అంతే.

బయటికి వచ్చేసరికి గోడల మీద ఆయన పేరు రాసి ఉంది. “నేను ఆర్పనీకే పోయిన,” అని ఇద్దరు ముగ్గురికి చెప్పబోయాడు. పోలీసులకు భయపడి అట్లా అంటున్నాడని వాళ్ళు భుజం తట్టారు. చెప్పడం మానేశాడు. కొన్నాళ్ళకు మానేయడం అలవాటైంది. ఇంకొన్నాళ్ళకు నమ్మడం అలవాటైంది. ముత్తక్క కూడా నోరు విప్పలేదు. పదకొండు రోజులు నాకోసం నోరు మూసుకున్న మనిషి, ఆయన కోసం నేను ఎన్నాళ్ళయినా మూసుకుంటాననుకుంది. అది నలభై ఏళ్ళవుతుందని అనుకోలేదు. మధ్యలో తన చెట్టు మీదికి టైల్స్ వస్తాయని అసలే అనుకోలేదు.

ఆమె పొరకతో సహా ఇంటికి వచ్చేసరికి పోతయ్య వాకిట్లో కూర్చుని అరచేతికి ఆముదం రాసుకుంటున్నాడు. సభ ఉందంటే మూడు రోజుల ముందునుంచే రాస్తాడు, మచ్చ మెరవాలని.

“నా చెట్టు కొమ్మ కొట్టిస్తవా?” అంది ముత్తక్క.

“నీ చెట్టేంది? మన చెట్టు.”

“నలభై ఏండ్లల్ల ఏనాడన్న వంగి ఒక్క పువ్వు ఏరినవా, మన చెట్టు అననీకి?”

“ఒక్క కొమ్మనేనట. మిగతా చెట్టంత ఉంటది గద.”

“కిందంత సిమెంట్ పోస్తే చెట్టు ఏం తాగి బతుకుతది, రవీందర్ పాటలా? అయినా స్తూపం సచ్చినోళ్ళకు గడ్తరు. నువ్వు సచ్చినవా?”

“ఇది అమరుల స్తూపం గాదే. పోరాట స్తూపం.”

“గది రవీందర్‌కు తెలుసు. పింఛన్ సారుకు తెలుస్తదా? నీ పేరు రాయి మీద సూస్తడు. అరె, పోతయ్య పోయిండని లిస్టుల కెళ్ళి కొట్టేస్తడు.”

అరచేతిలో తిరుగుతున్న వేలు ఆగిపోయింది. ఈ సంగతి పోతయ్యకు తట్టలేదు.

“రాయి మీద బ్రాకెట్ల ‘బతికే ఉన్నడు’ అని రాయిస్త,” అన్నాడు.

ముత్తక్కకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టే గనుక పొరకను గోడకేసి కొట్టింది.

“ముత్తా,” అన్నాడు పోతయ్య, ఈసారి గొంతు తగ్గించి. “డెబ్బై దాటినయ్. నా దగ్గర ఏమున్నది? ఎకరంనర పట్టా, ఈ చెయ్యి. రేపు నేను పోయినంక మనవలు సూసుకోనీకి ఒక రాయి ఉంటే నీకేం పోతది?”

“రాయి ఉంటే ఏం పోదు. చెట్టే పోతది.” ఆమె ఎదురుగా కూర్చుంది. “నేను చెప్పేస్త.”

“ఏం చెప్తవ్?”

“ఆ దినం ఎవరు అంటువెట్టిన్రో.”

పోతయ్య ముఖం వాడిపోయింది, అరచేతిలో ఆముదం ఒక్కటే మెరిసింది. ఆముదం గిన్నె పక్కకు జరిపాడు. “చెప్పుకో. నమ్మెటోడు దొరికితే చెప్పుకో.”

మర్నాడు రవీందర్ టేపు పట్టుకుని గద్దె కొలతలు చూడటానికి వచ్చాడు. ముత్తక్క అతన్ని ఇంట్లోకి పిలిచి, మంచమేసి, చాయ్ ఇచ్చింది. అంగన్‌వాడీ డ్యూటీకి పోబోతున్న కూతురు పుష్పలత గడపలోనే ఆగిపోయింది. తల్లి ఎవరికైనా పిలిచి చాయ్ ఇస్తోందంటే ఏదో ఉందని ఆమెకు తెలుసు.

“రవీందర్, ఒక మాట చెప్త. మధ్యల మాట్లాడొద్దు. చౌకీకి అంటువెట్టింది మీ అన్న గాదు. నేను.”

రవీందర్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“ఇప్పపువ్వు కోసం ఆకుకు ముట్టిచ్చిన. తూర్పు దిక్కు గీత ఊడ్వనీకి మర్చిపోయిన. గాలికి పోయి చౌకీకి అంటుకున్నది. గంతే. కాగడా లేదు, తుపాకుల్లేవు. ఇగ స్తూపమేంది చెప్పు, మర్చిపోయినందుకు గడ్తరా?”

సగమే చెప్పింది. ఆర్పబోయిన సంగతి, పుంజు సంగతి గొంతు దాకా వచ్చినా మింగేసింది. అది ఆయన చెప్పుకోవాల్సిన ముక్క.

రవీందర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముత్తక్క మనసు తేలికపడింది. పాపం, నమ్మాడు అనుకుంది.

“అక్కా,” అన్నాడు రవీందర్, లేచి నిలబడి. “నలభై ఏండ్లు! నలభై ఏండ్లు కడుపుల దాసుకున్నవా? ఇది ఒక్క మగోని పోరాటం గాదు. దీని ఎనక ఒక ఆడబిడ్డ ఉన్నది! చేతిల నిప్పు, ఎనక పసిబిడ్డ...”

“పువ్వు కోసమని చెప్తున్న గద.”

“పువ్వంటే ఏందక్కా? బతుకు! బతుకు కోసమే గద నువ్వు నిప్పు ముట్టిచ్చింది!”

“మర్చిపోయిన్రా నాయనా! ఊడ్వనీకి మర్చిపోయిన!”

“చరిత్రే నిన్ను మర్చిపోయిందక్కా,” అని రవీందర్ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. బయటికి వెళ్ళి జావీద్‌ను కేకేశాడు. “జావీద్ భాయ్! రెండు బొమ్మలొస్తయ్. అన్న పక్కన అక్క. గద్దె పన్నెండు సాలదు, పద్దెనిమిది చెయ్యి.”

“పద్దెనిమిదంటే పడమటి కొమ్మ గూడ పోతది అన్నా,” అన్నాడు జావీద్.

“పోనియ్యి.”

పుష్పలత గడపలో నిలబడే అంది. “రవీందరన్నా, ఎనక పసిబిడ్డ అంటివి గద. అది నేనే. నాకు గూడ బొమ్మ వెడ్తరా? పెడితే ఎనిమిది నెలలదే పెట్టున్రి, ఇప్పటి సైజు పెడితే అమ్మ నడుము ఇరుగుతది.”

పోతయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. ముత్తక్క “తిను,” అంటే, “వీరనారి వండిన కూడు నేను తినగల్నా?” అన్నాడు. రెండో పూట చింతపండు పులుసు వాసనకు ఓడిపోయి కంచం ముందుకు వచ్చాడు గానీ, తింటున్నంతసేపూ ఎటో చూస్తూ తిన్నాడు. పులుసు బాగుందని కూడా అనలేదు.

“నీ ముక్క నేను చెప్పలే,” అంది ముత్తక్క.

ఆయన నమలడం ఆపాడు.

“ఆర్పనీకొచ్చినవని చెప్పలే. పుంజు సంగతి చెప్పలే. నీ చెయ్యి నీకే ఉంచిన.”

పోతయ్య ఇంకొంచెం పులుసు పోసుకున్నాడు.

శంకుస్థాపన ఆదివారం పొద్దున పది గంటలకు. జూలూరుపాడు నుంచి టెంటు వచ్చింది, వంద కుర్చీలు వచ్చాయి, మైకు వచ్చింది. అన్నిటికంటే పెద్దది ఫ్లెక్సీ. చెట్టుకు తూర్పున, ఒకప్పుడు చౌకీ ఉన్న దిక్కునే, రెండు వెదురు గుంజలకు కట్టారు. పోతయ్య వయసులో ఉన్నప్పటి ఫోటో ఎవరి దగ్గరా లేదు. అందుకని ఫ్లెక్సీ కొట్టినవాడు ఇప్పటి ముఖాన్నే తీసి ఎవరో కసరత్తు పహిల్వాన్ ఒంటికి అతికించాడు. బోసినోరు, కింద కొండల్లాంటి భుజాలు, చేతిలో కాగడా. చూసిన పుష్పలత, “నాయినా, గీ కండలు ఎప్పుడు పోయినయే?” అంది. పోతయ్యకు మాత్రం ఆ బొమ్మ నచ్చింది. ఆయన దాని ముందు రెండుసార్లు నడిచి చూసుకోవడం ముత్తక్క గమనించింది.

ఆమె చూపు మాత్రం నేల మీద ఉంది. ఈ ఏడు ఇంకా ఎవరూ ఊడ్వని నేల. పొరక పట్టుకుని వస్తే రవీందరే ఆపాడు. “ఉండనియ్యక్కా, ఎండుటాకులుంటే వీడియోల సహజంగ ఉంటది,” అన్నాడు. చెట్టు మొదలు చుట్టూ మోకాలెత్తున ఆకు చేరింది. కొమ్మల చివర మొగ్గలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. నాలుగైదు రోజుల్లో మొదటి పువ్వు రాలుతుంది.

పాట అయింది. ఉపన్యాసం అయింది. అప్పుడు రవీందర్ కిరోసిన్‌లో ముంచిన కాగడా తెచ్చి పోతయ్య చేతిలో పెట్టి, జేబులోంచి ఫోను తీశాడు.

“అన్నా, నలభై ఏండ్ల కింద ఎట్ల ముట్టిచ్చినవో గట్లనే ముట్టియ్యి. జర ఆకు ముట్టిస్తే సాలు. రెండు నిమిషాలల్ల ఆర్పేద్దం.”

పోతయ్య కాగడా పట్టుకుని ముత్తక్క వైపు చూశాడు.

“ముట్టియ్యకు,” అంది ఆమె మెల్లగా. “గీత లేదు. పడమటి గాలి కొడ్తున్నది.”

“ఏం గాదక్కా!” అన్నాడు రవీందర్ ఫోను వెనకనుంచి. “అన్నకు కొత్తనా?”

కొత్తే. ఊరంతటికీ తెలియనిది అదే. నలభై ఏళ్ళుగా నిప్పు పెట్టిన కథ చెబుతున్న మనిషి పుట్టి బుద్ధెరిగి ఇప్పచెట్టు కింద ఒక్క ఆకు అంటించలేదు. అందరూ చూస్తున్నారు. ఫ్లెక్సీలోంచి పహిల్వాన్ కూడా చూస్తున్నాడు. పోతయ్య ఛాతీ విరుచుకుని కాగడా దించాడు.

ఎండుటాకు భగ్గుమంది.

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఇంకా అవుతుండగానే మంట రెండుగా చీలింది. ఒక పాయ తూర్పుకు, కుర్చీల మీదికి పోయింది. రెండో పాయ చెట్టు మొదట్లో చేరిన ఆకు కుప్పలోకి పాకింది. నలభై తుపాకుల పాట పాడిన కళాకారులు డప్పులు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కేశారు. రవీందర్ ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కండువా పట్టుకుని కుర్చీల మీదినుంచి దూకుతూ, “కంట్రోల్ చెయ్యున్రి! కంట్రోల్ చెయ్యున్రి!” అని వెనక్కి చూడకుండా అరుస్తూ పోయాడు. ప్లాస్టిక్ కుర్చీలు నీరసంగా వంగిపోవడం మొదలుపెట్టాయి.

మంట ఫ్లెక్సీ అంచు అందుకుంది. పోతయ్య అటు రెండడుగులు వేశాడు. ముత్తక్క చూసింది. బొమ్మకే పోతాడు, నా చెట్టుకు రాడు అనుకుంది.

ఆయన ఆగాడు. బొమ్మను ఒకసారి చూశాడు, చెట్టును ఒకసారి చూశాడు. పక్కనున్న తునికి పొదలోంచి పచ్చికొమ్మ విరిచి చెట్టు వైపు పరిగెత్తాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎడమకాలు ఈడుస్తూ, నలభై ఏళ్ళ కిందట ఎట్లా బాదాడో అట్లాగే మంట మీద బాదాడు. కొమ్మ లొంగకపోతే దాన్ని పారేసి, చెట్టు మొదట్లో మండుతున్న ఆకును ఎడమచేత్తో బయటికి లాగేశాడు. ముత్తక్క పొరకతో అటుపక్కనుంచి నెట్టింది. “అవ్వా, జరగు! జరగు!” అని జావీద్ పార అందుకుని, స్తూపం కోసం పోసిన ఇసుకను పారలకొద్దీ మంట మీద గుమ్మరించాడు. ఆ ఇసుకే లేకపోతే చెట్టు దక్కేది కాదు. ఆ మాట ముత్తక్క తర్వాత జావీద్‌తో ఒప్పుకుంది.

అంతా అయ్యేసరికి చెట్టు మొదట్లో బెరడు మోకాలెత్తు నల్లబడింది. కొమ్మలకు సెగ తగల్లేదు. ఫ్లెక్సీ ఉన్నచోట వెదురు గుంజలు రెండే మిగిలాయి. భుజాలూ లేవు, కాగడా లేదు. పోతయ్య ఆ వైపు తలైనా తిప్పలేదు.

అప్పుడే స్కూటీ మీద ఫారెస్టు బీటు ఆఫీసరు కళావతి వచ్చింది. ముప్పై ఏళ్ళ పిల్ల, తల్లాడ వైపు మనిషి. ఈ రోజుల్లో అడవిలో పొగ లేస్తే ఊళ్ళోవాళ్ళ కంటే ముందు ఆమె ఫోనుకు తెలుస్తుంది. కాలిన కుర్చీలు చూసింది, వంగిన మైకు చూసింది, రోడ్డు మీద గుంపుగా నిలబడ్డ జనాన్ని చూసింది.

“ఎండాకాలంల అడవి పక్కన నిప్పు పెడితే కేసయితదని మొన్ననే డప్పు కొట్టిచ్చిన. ఎవరు పెట్టిన్రు?”

జనం ఒకరి వెనక ఒకరు జరిగారు.

“వీడియో తీస్తున్నరట కద. సూపెట్టున్రి.”

“డిలీట్ అయింది మేడం,” అన్నాడు రవీందర్. అంటూనే వేలితో ఏదో నొక్కాడు. అప్పుడే డిలీట్ అయింది.

పోతయ్య చెట్టుకు ఆనుకుని నిలబడి ఎడమచెయ్యి కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. అరచెయ్యి బొబ్బలెక్కుతోంది. కళావతి చూపు ఆ చేతి మీద పడింది. ముత్తక్కకు ఆ చూపు తెలుసు. ఒకసారి చూసింది.

“తాతా, చెయ్యెట్ల కాలింది?” అంది కళావతి. “నువ్వేనా?”

పోతయ్య నోరు తెరిచాడు. ఆయన నోట్లోంచి మాట రాకముందే ముత్తక్క అంది.

“నేనే బిడ్డా. ఇప్పపువ్వు కోసం ఆకుకు ముట్టిచ్చిన. ఆయన ఆర్పనీకొచ్చిండు.”

నలభై ఏళ్ళ తర్వాత, ఊరందరి ముందు, ఆ మాట అట్లా బయటపడింది. అది ఏ ఏటి మాటో అక్కడ ఇద్దరికే తెలుసు. పోతయ్య ఆమెను చూసి తల దించుకున్నాడు.

కళావతి దగ్గరికి వచ్చి నేల చూసింది. ఆమె తల్లి కూడా పువ్వు ఏరిన మనిషే.

“గీత ఊడ్వకుండ ముట్టిచ్చినవా అవ్వా? ఇన్నేండ్ల సంది ఏరుతున్నవ్, గంత తెల్వదా?”

రోడ్డు మీద నిలబడ్డ ఆడవాళ్ళంతా ముత్తక్కనే చూస్తున్నారు. వాళ్ళలో సగం మందికి గీత ఎట్లా ఊడ్వాలో నేర్పింది ఆమే. జైలన్నా, కేసన్నా ఆమెకు అంత బాధ లేకపోయేది.

“మర్చిపోయిన,” అంది, పళ్ళు బిగబట్టి. “ముసల్దాన్ని.”

కళావతికి ఏం అర్థమైందో ఏమో. వంద కుర్చీలు, మైకు పెట్టుకుని ఎవరూ పువ్వు ఏరరని ఆమెకు తెలియకపోదు. కాగితం తీసి హెచ్చరిక అని రాసి, ముత్తక్క వేలిముద్ర తీసుకుంది. తర్వాత మిగిలిన ఇసుక కుప్ప చూసింది.

“ఇదేంది?”

“స్తూపం కోసం మేడం,” అన్నాడు జావీద్, ఎవరూ చెప్పేట్టు లేరని.

“ఇది అడవి హక్కు పట్టా భూమి. పంట వేసుకోనీకిచ్చింది. సిమెంట్ కట్టనీకి పర్మిషన్ ఉన్నదా?”

అందరూ రవీందర్ వైపు చూశారు. రవీందర్ కాలిపోయిన ఫ్లెక్సీ వైపు చూశాడు.

“పొద్దుగూకే లోపల ఇసుక లేవాలె,” అని కళావతి స్కూటీ ఎక్కింది. ఎక్కి, మళ్ళీ వెనక్కి తిరిగింది. “అవ్వా, ఈసారి ఊడ్వు. తూర్పు దిక్కు మర్చిపోకు.”

తూర్పు సంగతి ఆ పిల్లకు ఎట్లా తెలిసిందా అని ముత్తక్క ఉలిక్కిపడింది. తర్వాత తట్టింది, గాలి పడమరదని ఎవరైనా చెప్పగలరు.

స్తూపం చివరికి రోడ్డు మీద, బస్సు ఆగే చోట కట్టారు. ఇరవై అడుగులు కాదు, ఎనిమిదే. రెండు బొమ్మల ఆలోచన ఖర్చుకు జడిసి కమిటీయే మానుకుంది. రాయి మీద పోతయ్య పేరుంది, పక్కన బ్రాకెట్లో ‘బతికే ఉన్నాడు’ అని కూడా ఉంది. రవీందర్ పాటకు ఇంకో చరణం చేర్చాడు. అందులో పోతన్న రెండోసారి నిప్పు ముట్టిస్తే, ఫారెస్టోళ్ళే దిక్కులేక వెనక్కి పోయారు. తుపాకులు మాత్రం నలభై దాటలేదు. దరువు ఒప్పుకోలేదేమో.

మొదటి పువ్వు ఐదు రోజులు ఆలస్యంగా రాలింది. అంతకు ముందు ముత్తక్క నాలుగు పక్కలా ఊడ్చి, ఆకంతా నిప్పు పెట్టకుండానే గంపలకెత్తి ఎరువు గుంతలో పోసింది. తూర్పు దిక్కు రెండుసార్లు ఊడ్చింది. ఇప్పపువ్వు పండుగ చేసి, దేవరకు పువ్వు పెట్టాక ఏరడం మొదలుపెట్టింది. మూడో రోజున పోతయ్య కూడా వచ్చాడు. ఎడమచేతికి గుడ్డ కట్టు, కుడిచేతిలో గంప.

“వంగు,” అంది ముత్తక్క.

“నడుము వట్టుకుంటది.”

“వట్టనియ్యి. మన చెట్టంటివి గద.”

ఆయన వంగాడు. ఒక పువ్వు ఏరి గంపలో వేసి, రెండో పువ్వు నోట్లో వేసుకున్నాడు. అట్లా ఒకటి గంపకు, ఒకటి నోటికి లెక్కన ఏరుతుంటే, బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్ళు ఇద్దరు స్తూపం చదివి, అడిగి తెలుసుకుని చెట్టు దాకా వచ్చారు. భద్రాచలంలో కాలేజీ పిల్లలు.

“తాతా, పోతయ్య నువ్వేనట గద! గా కాగడా మచ్చ సూపియ్యవా?”

పోతయ్యకు అలవాటే. కుడిచెయ్యి గంప కింద ఇరుక్కుపోయి ఉంది. ఆయన గంపను చూసి, ముత్తక్కను చూసి, కట్టు కట్టిన ఎడమచెయ్యి ముందుకు చాపాడు.

“ఇది కాగడాది కాదు,” అన్నాడు. “చెట్టును ఆర్పబోతే కాలింది.”

కుర్రాళ్ళ ముఖాలు కొంచెం వాడిపోయాయి. వాళ్ళు వచ్చింది దీనికి కాదు. ఒకడు ముత్తక్క వైపు తిరిగాడు.

“నిజమేనా అవ్వా?”

ముత్తక్క నడుము ఎత్తలేదు. తూర్పు కొమ్మ కింద పువ్వు దట్టంగా పడింది, ఎండెక్కుతోంది.

“ఈ చేతికైతే నేను సాక్షి,” అంది. “ఆ చెయ్యి సంగతి ఇంకోనాడు రాండ్రి. గీతలు తొక్కకున్రి, ఊడ్చిన.”